బెంగళూరు పౌరకార్మికులు: కాంట్రాక్టు కొలువు ఎలా వచ్చింది, ఎంతవరకు పోయింది

2025 మే 1న కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులో 12,692 మంది పౌరకార్మికులకు, అంటే నగర పారిశుద్ధ్య కార్మికులకు, నియామక పత్రాలు అందజేసింది. వాళ్లలో చాలామంది అంతకు ముందు ఏళ్ల తరబడి అవే వీధులను ఊడుస్తూ వచ్చినవాళ్లే. ఆ కాగితంతో వాళ్ల పని మారలేదు, వార్డు మారలేదు, చేతిలోని పొరక మారలేదు. నిన్నటిదాకా గుత్తేదారు మనుషులుగా, ఆ తరువాత నేరుగా జీతం అందుకునే తాత్కాలికులుగా ఉన్నవాళ్లు ఆనాటి నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. నగరం ఉన్నంతకాలం ఉండక తప్పని పనిని తాత్కాలికమని చెప్పి ఇన్ని దశాబ్దాలు ఎలా నడిపించగలిగారన్నదే ఈ కథనం విషయం. బెంగళూరులో చీపురు పట్టినవాళ్లలో అత్యధికులు తెలుగు మాట్లాడే దళిత మహిళలు, అందులోనూ ఎక్కువమంది మాదిగ కులస్థులు కాబట్టి ఇది తెలుగువాళ్లు తమదిగా తెలుసుకోవలసిన చరిత్ర కూడా.

ఈ నగరానికి పొద్దున ఆరు దాటాక కార్మికులు హాజరు వేయించుకునే వార్డు మస్టరింగ్ పాయింట్ దగ్గరికి వెళితే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. మేస్త్రి హాజరు తీసుకునేది కన్నడంలో, ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకునేది అనంతపురం, కర్నూలు, చిత్తూరు యాసల తెలుగులో. కొందరి పెద్దలు పావగడ, గౌరిబిదనూరు, కోలారు ప్రాంతాల నుంచి వచ్చారు. అవి కర్ణాటకలోనే ఉన్నా ఇంటి భాష తెలుగైన ఊళ్లు. రాయలసీమలో వాన పడని ఏడాది రైలెక్కి బెంగళూరు రావడం 1876-78 నాటి ధాత కరువు కాలం నుంచీ ఉన్నదే. అయితే వచ్చినవాళ్లందరికీ నగరం ఒకే పని ఇవ్వలేదు. భూమి, చదువు ఉన్న కులాలవాళ్లు వ్యాపారాల్లోకి, ఆఫీసుల్లోకి వెళ్లారు. భూమి లేని దళితులకు దొరికింది మునిసిపాలిటీ పాకీ పని, చెత్త పని. పనుల సంతలో ఎవరికి ఏది దక్కాలో నైపుణ్యం కంటే ముందు కులం తేల్చింది.

1898 ఆగస్టులో బెంగళూరులో ప్లేగు వ్యాపించింది. ఇరుకు పేట వీధుల నుంచి జనాన్ని తరలించడం, బసవనగుడి, మల్లేశ్వరం వంటి కొత్త పేటలు వేయడం, పారిశుద్ధ్యాన్ని మునిసిపాలిటీ తన ప్రథమ బాధ్యతగా చూడడం ఆ తరువాత ఊపందుకున్నాయి. అప్పట్లో పాత ఊరైన పేటకు ఒక మునిసిపాలిటీ, బ్రిటిష్ సైన్యం ఉన్న కంటోన్మెంటుకు మరొకటి ఉండేవి. 1949లో రెండూ కలిసి నగరపాలక సంస్థ అయినప్పుడు ఊడ్చేవాళ్లు, దొడ్లు శుభ్రం చేసేవాళ్లు దాని ఉద్యోగులుగా కొనసాగారు. అది హీనంగా చూసిన ఉద్యోగం. మలాన్ని నెత్తిన మోసే పని కూడా అందులో భాగం. 1970ల తొలి ఏళ్లలో దేవరాజ్ అర్స్ ప్రభుత్వంలో మునిసిపల్ పరిపాలన మంత్రిగా ఉన్న బి. బసవలింగప్ప నెత్తిన మలం మోయించడాన్ని రాష్ట్రంలో నిషేధించారు. కేంద్రం అటువంటి చట్టం చేసింది 1993లో గనుక ఇరవై ఏళ్ల ముందే తీసుకున్న ఆ నిర్ణయం చిన్నదేమీ కాదు. పారిశుద్ధ్య కార్మికుల జీవన పరిస్థితులను పరిశీలించడానికి ఐ.పి.డి. సాలప్ప నేతృత్వంలో ఒక కమిటీ కూడా ఆ దశాబ్దంలోనే పనిచేసింది. జనాభాను బట్టి ఎంతమంది కార్మికులుండాలో లెక్క కట్టాలన్న ఆ కమిటీ మాటను కార్మిక సంఘాలు నేటికీ ప్రస్తావిస్తున్నాయి.

బెంగళూరులో పర్మనెంటు ఉద్యోగానికి ఎంత విలువ ఉండేదో తెలియాలంటే అదే కాలంలో ఇక్కడి ప్రభుత్వరంగ పరిశ్రమలను చూడాలి. 1940లో మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో టెలిఫోన్లు తయారుచేసే ఐటీఐ, 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్, 1964లో బీఈఎంఎల్, ఇవన్నీ కార్మికుడికి క్వార్టర్సు, ఆసుపత్రి, పిల్లలకు బడి, పదవీ విరమణ నాటికి చేతికొచ్చే మొత్తం ఇచ్చాయి. 1980 డిసెంబరు చివర మొదలై 1981 మార్చి దాకా సాగిన ప్రభుత్వరంగ కార్మికుల సమ్మె దేశ కార్మిక చరిత్రలోని పెద్ద సమ్మెలలో ఒకటి. ఆ గేట్ల లోపలికి వెళ్లగలిగిన తెలుగువాడి కొడుకు ఇంజనీరయ్యాడు. మునిసిపాలిటీలో పర్మనెంటైన పాకీ పనివాడికి గౌరవం దక్కకపోయినా నెల జీతం, పింఛను, కొన్నిచోట్ల ఉండడానికి ఒక గది దక్కేవి. తరువాతి కాలంలో కాంట్రాక్టు పద్ధతి ఈ రెండో రకం మనుషుల నుంచి ఆ కాస్త భద్రతనూ తీసేసుకుంది.

1990లలో బెంగళూరు విస్తరించిన వేగానికి తగ్గట్టు కొత్త పర్మనెంటు నియామకాలు జరగలేదు. ప్రభుత్వ సంస్థలు మనుషులను తగ్గించుకోవాలి, పనులను బయటివాళ్లకు అప్పజెప్పాలి అన్న ఆర్థిక విధానం దేశమంతటా బలపడిన కాలమది. కొత్త వార్డుల్లో ఊడ్చే పనిని, చెత్త ఎత్తే పనిని టెండరు పిలిచి గుత్తేదార్లకు ఇచ్చారు. విచిత్రమేమంటే నగరాల బాధ్యత చట్టపరంగా స్పష్టమైనదీ అప్పుడే. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పారిశుద్ధ్యాన్ని, చెత్త నిర్వహణను పట్టణ సంస్థల బాధ్యతల జాబితాలో చేర్చింది. బెంగళూరు నివాసి అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో పట్టణ ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి, ఇంటింటి చెత్త సేకరణ విధిగా మారింది. చెత్త ఎలా వేరు చేయాలి, ఎక్కడికి చేర్చాలి అన్నవి ఆ నియమాల్లో ఉన్నాయి; ఎత్తే మనిషి ఎవరి ఉద్యోగి అన్న ప్రశ్న మాత్రం వాటి పరిధిలోకి రాలేదు. 2007లో చుట్టుపక్కల ఏడు నగర పురసభలను, ఒక పట్టణ పురసభను, 110 గ్రామాలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె అనే పెద్ద నగరపాలక సంస్థను ఏర్పాటు చేసేసరికి, పెరిగిన పనిని మోసినవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులే.

గుత్త పద్ధతి ఎలా నడిచేదో కొంచెం దగ్గరగా చూద్దాం. పాలికె గుత్తేదారుకు తలకింత అని లెక్క కట్టి డబ్బు ఇస్తుంది. కార్మికురాలి జీతం చీటీలో భవిష్యనిధి (పీఎఫ్) కింద ఒక అంకె, వైద్య బీమా (ఈఎస్‌ఐ) కింద మరో అంకె తగ్గించినట్టు కనిపిస్తాయి. ఒంట్లో బాగాలేక ఆవిడ ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళితే ఆ పేరుతో చందా జమ కాలేదని చెబుతారు. పీఎఫ్ కోసం అడిగితే ఖాతా సంఖ్య పాత గుత్తేదారుకు తెలుసంటారు. టెండరు మారినప్పుడల్లా యజమాని మారతాడు, పని చేసేచోటు మాత్రం మారదు. దాంతో ఇరవై ఏళ్లు ఒకే వీధిని ఊడ్చిన మనిషికి ఎవరి దగ్గరా వరసగా ఐదేళ్ల సర్వీసు చూపించుకునే ఆధారం ఉండదు, అప్పటి గ్రాట్యుటీ చట్టం అడిగింది సరిగ్గా ఆ ఐదేళ్లనే. జీతం రెండు మూడు నెలలు ఆగినా గట్టిగా అడిగితే మర్నాడు హాజరు పట్టీలో పేరుండదన్న భయం. పేరుకు మాత్రమే ఉన్న మనుషుల లెక్కతో బిల్లులు పెట్టారన్న ఆరోపణలు చాలాకాలం నడిచాయి. 2017లో బయోమెట్రిక్ హాజరు పెట్టాక కాగితాల మీది సంఖ్యకూ వీధిలో కనిపించిన మనుషుల సంఖ్యకూ పొంతన లేదని తేలింది.

చట్టం లేక ఇలా జరిగిందా అంటే, కాదు. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లోనే వచ్చింది. నిరంతరం సాగే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం దాని పదో సెక్షను ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ సెక్షను మీద దేశంలో నడిచిన పెద్ద న్యాయ వివాదం చీపురు పనితోనే మొదలైంది. 1976 డిసెంబరు 9న కేంద్రం తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, తుడవడం, కాపలా పనులకు కాంట్రాక్టు మనుషులను పెట్టకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ఆధారంగా 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు, నిషేధించిన పనిలో ఉన్న కార్మికులు ఆటోమేటిగ్గా ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే సంస్థ, ఉద్యోగులవుతారని తీర్పు చెప్పింది. ఐదేళ్లు తిరగకుండానే, 2001 ఆగస్టులో, స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పునూ ఆ నోటిఫికేషన్‌నూ పక్కన పెట్టింది. కాంట్రాక్టు నిషేధించినంత మాత్రాన ఉద్యోగం దానంతట అది రాదని, కాంట్రాక్టు అంతా బూటకమని నిరూపించుకోగలిగితే అప్పుడు చూద్దామని చెప్పింది. బడిమెట్లు ఎక్కని మనిషి, హాజరు పట్టీ కూడా చేతిలో లేని మనిషి లేబర్ కోర్టులో కాంట్రాక్టు బూటకమని నిరూపించాలట. ఆ తీర్పు తరువాత కాంట్రాక్టు పద్ధతి ఎంత ధైర్యంగా పెరిగిందో పరిశ్రమల వార్షిక సర్వే అంకెలు చెబుతాయి: 2000 ప్రాంతంలో సంఘటిత పరిశ్రమల కార్మికుల్లో సుమారు ఐదో వంతుగా ఉన్న కాంట్రాక్టు కార్మికులు 2022-23 నాటికి 40 శాతం దాటారు.

రెండో దెబ్బ, కర్ణాటక నుంచే వెళ్లిన ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. 1985-86 ప్రాంతంలో వాణిజ్య పన్నుల శాఖలో దినకూలీ మీద చేరినవాళ్లు తమను క్రమబద్ధీకరించమని వేసిన వ్యాజ్యం అది. దొడ్డిదారిన చేరినవాళ్లకు ఎన్నేళ్లు పని చేసినా పర్మనెంటు హక్కు ఉండదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. పోటీపరీక్ష రాసి ఎదురుచూసే నిరుద్యోగికి అన్యాయం జరగకూడదన్న ఆ తీర్పులోని ఆందోళన సబబైనదే. కానీ పోటీపరీక్షే పెట్టకుండా, ఖాళీలే ప్రకటించకుండా, ముప్పై ఏళ్లు ఒక పనిని కాంట్రాక్టులో నడిపిన ప్రభుత్వానికి అది అడగకుండా దొరికిన కవచమయింది. చివరికి 2024 డిసెంబరులో, కేంద్ర జలసంఘం కార్యాలయంలో ఏళ్ల తరబడి ఊడ్పు పని, తోటపని చేసినవాళ్ల కేసులో సుప్రీంకోర్టే ఉమాదేవి తీర్పును దీర్ఘకాలం పనిచేసినవాళ్లను తోసేయడానికి సాకుగా వాడుకోవద్దని చెప్పవలసి వచ్చింది.

బెంగళూరులో మార్పు కోర్టుల నుంచి కంటే వీధి నుంచి వచ్చింది. దళిత సంఘాలు, కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి కన్నడ, తెలుగు నినాదాలతో ఊరేగింపులు తీశాక, 2016 ఆగస్టులో ప్రభుత్వం నగరంలోని పౌరకార్మికులకు నెలకు రూ. 14,040 కనీస వేతనం ప్రకటించింది. 2018 ఆరంభంలో గుత్తేదారును తప్పించి పాలికెయే బ్యాంకు ఖాతాల్లో జీతం వేసే పద్ధతి మొదలైంది. ఆ మార్పు మొదట్లో కూడా మనుషులను బలి తీసుకుంది. బయోమెట్రిక్ జాబితాలో పేర్లు సరిపోలేదంటూ చాలామందికి నెలల తరబడి జీతాలు ఆగాయి. ఆ జులైలో జీతం అందని ఒక కార్మికుడు ప్రాణం తీసుకున్నాడు. 2022 జులై 1న వేలమంది పొరకలు పక్కన పెట్టి నగరంలో ధర్నాలు జరిగే ఫ్రీడం పార్కులో కూర్చున్నారు. నాలుగు రోజుల్లో నగరం కంపు కొట్టింది, ప్రభుత్వం చర్చలకు దిగింది, ఆ సెప్టెంబరులో రాష్ట్రవ్యాప్తంగా 11,133 మందిని క్రమబద్ధీకరించే నిర్ణయం వచ్చింది. 2025 మే డే పత్రాల వెనుక ఉన్నది ఆ నాలుగు రోజులే.

అయినా పని సగమే అయింది. నేరుగా జీతం, ఆ తరువాత పర్మనెంటు కొలువు దక్కింది ప్రధానంగా వీధులూడ్చేవాళ్లకు. ఇంటింటి ముందూ ఆగే ఆటో టిప్పరు డ్రైవర్లను, దాని వెనుక తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఎత్తే హెల్పర్లను, లారీలకెత్తే లోడర్లను ఆ పత్రాలు కలుపుకోలేదు. ఒకే కుటుంబంలో అత్త వీధి ఊడుస్తూ ప్రభుత్వ ఉద్యోగి అయితే, ఆవిడ ఊడ్చిన కుప్పను ఎత్తే కోడలు గుత్తేదారు మనిషిగానే మిగిలింది. ఇళ్లవాళ్లు కలిపి పారేసిన చెత్తలో గాజుపెంకులు, సూదులు, శానిటరీ ప్యాడ్లు వట్టి చేతులతో ఏరేది ఎక్కువగా ఈ హెల్పర్లే, అంటే ప్రమాదం ఎక్కువున్నచోట రక్షణ తక్కువ.

ఇక 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చి 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం స్థానాన్ని ఆక్రమించాయి. సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని కొత్త కోడ్ అంటుంది. అయితే ఊడ్చడం, శుభ్రపరచడం, చెత్త ఎత్తి పారవేయడం ప్రధాన కార్యకలాపం కిందికి రావని అందులోనే మినహాయింపు ఉంది. సంస్థ ఆ పని కోసమే ఏర్పడినదైతే తప్ప. నగరపాలక సంస్థ ఏర్పడినదే పారిశుద్ధ్యం కోసమని, 74వ సవరణ రాజ్యాంగంలో చేర్చిన బాధ్యతల జాబితా అయిన పన్నెండో షెడ్యూలు చూపించి వాదించవచ్చు, వాదించి తీరాలి. పాత చట్టం ఇరవైమంది కాంట్రాక్టు కార్మికులున్నచోట వర్తించేది, కొత్తది యాభైమంది అంటుంది. చిన్న చిన్న ప్యాకేజీలుగా టెండర్లు పిలిచే నగరాల్లో ఈ తేడా గుత్తేదారుకు బాగా తెలుస్తుంది.

2025 సెప్టెంబరులో పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం కింద ఐదు నగరపాలికలు ఏర్పడ్డాయి. పాత పాలికె బాధ్యతలతో పాటు దాని బాకీలూ వాటికే చెందుతాయి. నియామక పత్రం చేతికి రాకముందే వయసు మీరి ఇంటికి వెళ్లిపోయిన ఆడవాళ్లు వాటిలో మొదటి బాకీ. వాళ్లకు పింఛను లేదు, చాలామందికి పీఎఫ్ లేదు, గుత్తేదార్ల పేర్లు కూడా గుర్తులేవు. ఏ వార్డులో ఏ ఏడాది నుంచి ఊడ్చారో మేస్త్రికి తెలుసు, ఆ వీధివాళ్లకు తెలుసు. ఆ సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకుని మొదటి రోజు నుంచి సర్వీసు కట్టి గ్రాట్యుటీ ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఐదు నగరపాలికల్లో ఏ ఒక్కటి తీర్మానం చేసినా మొదలుపెట్టవచ్చు.