రిపోర్ట్ నార్మల్, ఒంట్లో మాత్రం సెగ

నెలసరి ఆగే వయసుకు దగ్గరైన ఆమెకు రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఛాతీ దగ్గర పుట్టిన సెగ మెడ మీదుగా ముఖానికి పాకుతుంది. దుప్పటి తన్నేస్తే ఒళ్లంతా చెమట. ఐదు నిమిషాలు గడిచాయో లేదో చలి, మళ్లీ ఆ దుప్పటి కోసమే తడుముకోవడం. రక్తపరీక్ష చేయిస్తే హార్మోన్లు నార్మల్. ‘ఊరికే టెన్షన్ పడుతున్నావు’ అంటారు ఇంట్లోవాళ్లు.

రిపోర్ట్ తప్పని కాదు, అది ఆ రోజు సంగతే చెబుతుంది. నెలసరి ఆగడానికి ముందు కొన్నేళ్లు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఉయ్యాల ఊగినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాన్నిబట్టి, అండాశయాలను పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ కూడా మారుతుంది. అందుకే 45 దాటినవాళ్లలో సాధారణంగా రక్తపరీక్ష కన్నా నెలసరి తేదీలు, లక్షణాలే ఎక్కువ చెబుతాయి. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటారు. అంటే అది వచ్చిన ఏడాదికి గానీ వచ్చిందని తెలియదు! 40 లోపే ఆగిపోతే మాత్రం పరీక్షలు తప్పవు. ఈ చెమట, గుండెదడ థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి. నెలసరి ఆగి ఏడాది గడిచాక మళ్లీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

ఇంతకీ ఆ సెగ ఎక్కడిది? ఒంటి వేడిని మెదడులోని హైపోథాలమస్ చూసుకుంటుంది. కాస్త హెచ్చుతగ్గులైతే మామూలుగా పట్టించుకోదు. ఈస్ట్రోజన్ తగ్గితే అక్కడ న్యూరోకైనిన్ బి అనే రసాయనంతో పనిచేసే నాడీకణాలు రెచ్చిపోతాయి, ఆ ఓర్పు పోతుంది. వేడి రవ్వంత పెరిగినా ఒళ్లు కాలిపోతోందనుకుని చర్మంలోని రక్తనాళాలను తెరిచేస్తుంది, చెమట పట్టిస్తుంది. ఈ రసాయనం పనిని అడ్డుకునే ఫెజోలినెటాంట్ మాత్రకు 2023లో అమెరికాలో అనుమతి దొరికింది. అది హార్మోన్ కాదు, కానీ వాడేవాళ్లు లివర్ పరీక్షలు చేయించుకోవాలి.

సెగలకు అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇప్పటికీ ఈస్ట్రోజనే. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ హార్మోన్ల అధ్యయనంలో ఒక భాగాన్ని, రొమ్ము క్యాన్సర్ ముప్పు కనిపించి, మధ్యలోనే ఆపేశారు. ఆ భయం ప్రపంచమంతా పాకింది. అందులో ఉన్నవాళ్ల సగటు వయసు 63 అన్న మాట మాత్రం అంత దూరం వెళ్లలేదు. 60 లోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు మొదలుపెడితే, వేరే ఇబ్బందులు లేని చాలామందికి నష్టం కన్నా లాభమే ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్లకు ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోన్ కూడా కలపాలి, లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మాత్ర కన్నా చర్మానికి అంటించే ప్యాచ్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఈ హార్మోన్లను సాధారణంగా ఇవ్వరు.

సెగలు చాలామందికి కొన్నేళ్లలో చల్లారతాయి. యోని పొడిబారడం మాత్రం దానంతటది తగ్గదు. అక్కడ రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీముంది, రక్తంలోకి చేరేది బహు స్వల్పం. కానీ ఆమె సిగ్గుపడి చెప్పదు, డాక్టరు తొందరలో అడగరు.