లాస్ వేగస్‌లో లాన్‌కు నీరు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, ఎడారి మధ్యనున్న లాస్ వేగస్ లోయలో ఏడాదికి పడే వాన సగటున 10 సెంటీమీటర్లు. అదే ఏడాదిలో అక్కడి ఎండ, గాలి కలిసి పచ్చిక నుంచి లాగేసుకోగల నీరు 2 మీటర్ల లోతుకు మించి ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడాను పైపులతో పూడ్చడమే నా వృత్తి. స్ప్రింక్లర్లు, టైమర్లు, వాల్వులు సరిచూస్తూ తిరిగే నాకు, ఇళ్ల యజమానుల నుంచీ ఆఫీసు భవనాల మేనేజర్ల నుంచీ తరచుగా వినిపించే మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో స్నానానికి, గిన్నెలకు నీళ్లు తగ్గించుకుంటే, ఆ మిగులు లాన్‌కు పెట్టుకోవచ్చు.

ఇతర ఊళ్లలో సబబుగా తోచే ఈ లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. ఈ లోయకు దాదాపు 90 శాతం నీరు కొలరాడో నది నుంచి, లేక్ మీడ్ జలాశయం ద్వారా వస్తుంది. ఆ నదిలో నెవాడాకు దక్కిన వాటా ఏడాదికి 3 లక్షల ఎకరా-అడుగులు (ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు). ఇదే నది కింది భాగంలో కాలిఫోర్నియా వాటా 44 లక్షలు, అరిజోనా వాటా 28 లక్షలు. ఇంత చిన్న వాటాతో ఇంత పెద్ద నగరం బతకడానికి కారణం, ఇంటి లోపల వాడిన నీరు దాదాపు అంతా తిరిగి రావడమే. సింకులో, స్నానాల గదిలో, టాయిలెట్‌లో పోసిన నీరు మురుగు కాలువల ద్వారా శుద్ధి కేంద్రాలకు చేరి, అక్కడి నుంచి లాస్ వేగస్ వాష్ అనే వాగు గుండా లేక్ మీడ్‌లో కలుస్తుంది. అలా తిరిగి చేరినంత నీటిని నెవాడా మళ్లీ తోడుకోవచ్చు, అది వాటాలో ఖర్చుగా లెక్కకు రాదు. లాన్ మీద చల్లిన నీరు మాత్రం ఆకుల నుంచి, నేల నుంచి ఆవిరై ఆకాశంలోకి పోతుంది. అంటే బకెట్ స్నానంతో ఆదా చేసిన నీటిని గడ్డికి పోస్తే, తిరిగి రావలసిన నీటిని తిరిగిరాని చోటికి పంపినట్టే. ఇంట్లో పొదుపు వల్ల పంపింగు, శుద్ధి ఖర్చులు తగ్గుతాయి కాబట్టి అది వద్దని నేను అనడం లేదు. కాకపోతే నీటి కొరతకు మందు ఇంటి బయటే ఉంది.

గోల్ఫ్ మైదానాలకు వాడేది శుద్ధి చేసిన మురుగునీరే కనుక అది ఉచితమనే మాటకు కూడా ఇదే జవాబు వర్తిస్తుంది: గడ్డికి పోయకపోతే ఆ నీరూ లేక్ మీడ్‌కే తిరిగి చేరేది.

అపోహ: గడ్డి గోధుమ రంగుకు తిరిగిందంటే దాహమేసినట్టే.

చలికాలంలో అయితే చాలాసార్లు అది నిద్ర మాత్రమే. ఇక్కడ బెర్ముడా అని పిలిచే గడ్డి మన గరికే. చలి పడగానే అది ఎండినట్టు కనిపిస్తుంది, వసంతంలో నేల వేడెక్కగానే మళ్లీ చిగురిస్తుంది. ఆ నాలుగు నెలలూ పచ్చగా కనిపించాలని శరదృతువులో దాని మీద రై గడ్డి విత్తనాలు చల్లి, మొలకల కోసం రోజుకు పలుమార్లు నీళ్లు పెట్టే అలవాటు, నా దృష్టిలో, ఈ లోయకున్న అత్యంత అనవసరమైన ఖర్చుల్లో ఒకటి.

వేసవిలో కనిపించే గోధుమ మచ్చలది వేరే కథ. ఒక ఆఫీసు సముదాయంలో లాన్ ఒక మూల ఎండిపోతోందని మేనేజరు టైమరును పెంచుతూ పోయాడు. నేను గడ్డి మీద ఒకే సైజు ఖాళీ డబ్బాలు వరుసగా పేర్చి, స్ప్రింక్లర్లు తిప్పి చూశాను. మధ్యలో ఉన్న డబ్బాల్లో రెండు వేళ్ల లోతు నీరు నిలిచింది, ఎండిన మూలన పెట్టిన డబ్బాకు అడుగు మాత్రమే తడిసింది. గడ్డి పెరిగి అక్కడి స్ప్రింక్లర్ తల నేలలోకి కూరుకుపోయింది, దాని ధార పక్కనున్న గడ్డినే కొట్టి ఆగిపోతోంది. తలను రెండంగుళాలు పైకి లేపి, నాజిల్ కడిగితే సరిపోయింది. అన్ని నెలలూ ఆ మూల కోసం పెంచిన నిమిషాల నీరంతా మిగతా లాన్ దాటి ఫుట్‌పాత్ మీదికి పారింది.

అపోహ: ఒకేసారి ఎక్కువసేపు పెడితే నీరు లోతుకు దిగుతుంది.

ఇసుక నేలలో దిగుతుంది. ఈ లోయలో చాలాచోట్ల బంకమట్టి, దాని కింద సిమెంటులా గట్టిపడిన కలీచి అనే సున్నపు పొర ఉంటాయి. అందుచేత కొద్ది నిమిషాలకే నీరు పైన నిలిచి పారడం మొదలవుతుంది. నాలుగేసి నిమిషాల చొప్పున, గంట వ్యవధి ఇస్తూ మూడుసార్లు పెట్టమని చెబుతాను. మధ్యాహ్నం పెడితే నీటి బొట్లు భూతద్దాల్లా ఆకులను కాల్చేస్తాయనేది వట్టి మాట, కానీ ఆ సమయంలో గాలికీ ఎండకూ చాలా నీరు వృథా అవుతుంది. వేసవిలో ఉదయం 11 నుంచి సాయంత్రం 7 వరకు స్ప్రింక్లర్లు తిప్పకూడదన్న నిబంధనకు అసలు కారణం అది. ఇక టైమరును వేసవిలో పెట్టిన చోటే నవంబరులోనూ వదిలేయడం నేను ఎక్కువగా చూసే తప్పు. శీతాకాలంలో వారానికి ఒక రోజు మాత్రమే అనుమతి ఉంటుంది, గడ్డికి అదే ఎక్కువ.

అపోహ: నదిలో అధిక భాగం పొలాలకే పోతుంది, మా లాన్ ఒక లెక్కా?

మొదటి సగం నిజం. కొలరాడో నీటిలో పెద్ద భాగం సేద్యానికే, అందులోనూ పశువుల మేతకే పోతుంది. కానీ నెవాడాకు దక్కే వాటా దాదాపు అంతా ఈ లోయలోని నగరాలదే, అందులో తిరిగిరాకుండా పోయేదాంట్లో సింహభాగం తోటలూ లాన్లూ తాగేదే. ఒక చదరపు అడుగు గడ్డికి ఏడాదికి 73 గ్యాలన్లు, అంటే సుమారు 276 లీటర్లు కావాలి. ఎడారి మొక్కలకు డ్రిప్ పెడితే అందులో పావు వంతు చాలు. లేక్ మీడ్ నీటి మట్టం 2022 జులైలో సముద్రమట్టానికి సుమారు 1,040 అడుగుల ఎత్తుకు పడిపోయింది, 1930లలో జలాశయం నిండిన తర్వాత అప్పటిదాకా అంత కిందికి ఎన్నడూ పోలేదు. నెవాడా శాసనసభ 2021లో చేసిన ఏబీ 356 అనే చట్టం ప్రకారం, ఎవరూ నడవని, ఆడుకోని అలంకారపు గడ్డికి 2026 ముగిశాక కొలరాడో నీరు పెట్టకూడదు. మీ పెరడును తవ్వేస్తారని భయపడేవారికి ఒక మాట: సొంత ఇళ్ల లాన్లకు ఈ చట్టం వర్తించదు.

అపోహ: లాన్ తీసేస్తే మిగిలేది కంకర, ప్లాస్టిక్ గడ్డి.

ప్లాస్టిక్ గడ్డి ఎండలో చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేనంతగా కాలుతుంది, ఒట్టి కంకర రాత్రి దాకా వేడిని విడుస్తూనే ఉంటుంది. సదరన్ నెవాడా వాటర్ అథారిటీ లాన్ తీసేసినవారికి డబ్బు ఇచ్చేటప్పుడు కూడా, ఆ స్థలంలో కనీసం సగం భాగాన్ని పెరిగిన మొక్కలు కప్పాలని షరతు పెడుతుంది. అయితే చాలామంది పట్టించుకోనిది చెట్ల సంగతి. లాన్ మధ్యనున్న చెట్టు ఇన్నాళ్లూ గడ్డికి పెట్టిన నీటినే తాగింది. ఒక ఇంట్లో గుత్తేదారు స్ప్రింక్లర్లు కోసేసి, కొత్త పొదలకు మాత్రం డ్రిప్ వేసి వెళ్లిపోయాడు. రెండు వేసవులు గడిచేసరికి ఆ ఇంటికి నీడనిచ్చిన పెద్ద చెట్టు ఒక పక్క నుంచి మోడుబారింది. గడ్డి తీయకముందే చెట్టుకు వేరే వాల్వు ఇచ్చి, మొదలు దగ్గర కాకుండా కొమ్మల అంచుల కింద వలయంగా డ్రిప్ గొట్టం పరిచి, అప్పుడప్పుడే అయినా లోతుగా తడిసేలా నీరు పెట్టాలి.