పిన్ని ఇంటి కరెంటు బిల్లులో వెనక్కి వచ్చిన డబ్బు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో ఒక అమ్మాయి నన్ను ఇలా అడిగింది: “తాతయ్యా, అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఉంటున్న మా పిన్ని వాళ్ళకు డిసెంబరు కరెంటు బిల్లులో కొంత డబ్బు తగ్గించారట. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళు కట్టిన దాంట్లో మిగిలిన వాటా అని చెప్పారట. కరెంటు వాళ్ళు ఎక్కడైనా డబ్బు వెనక్కి ఇస్తారా? ఇచ్చేదేదో అప్పుడే ఇవ్వక ఇన్నేళ్ళు ఎందుకు ఉంచుకున్నారు?” ఈ రెండింటిలో మొదటిది తేలిక ప్రశ్న, రెండోది గట్టి ప్రశ్న. పెద్దవాళ్ళలో చాలామంది డబ్బు వచ్చిందని సంతోషించి రెండోది అడగడం మరచిపోతారు.

మీ పిన్ని ఉండే పల్లె ప్రాంతానికి కరెంటు ఇచ్చేది లాభం కోసం పెట్టిన కంపెనీ కాదు, కరెంటు వాడుకునేవాళ్ళే కలిసి నడుపుకుంటున్న సహకార సంఘం. జార్జియాలో ఇటువంటి సంఘాన్ని ఎలక్ట్రిక్ మెంబర్‌షిప్ కార్పొరేషన్ అంటారు. కనెక్షన్ తీసుకుని సభ్యత్వం పొందిన రోజునే మీ పిన్ని దాని యజమానుల్లో ఒకరయింది. కాబట్టి “కరెంటు వాళ్ళు” అని మీరు అంటున్నవాళ్ళలో మీ పిన్ని కూడా ఉంది, తన డబ్బే తనకు వచ్చింది. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే నేను మిమ్మల్ని ఒక బావి దగ్గరకు తీసుకువెళ్ళాలి.

నా చిన్నతనంలో మా వీధి మొత్తానికి ఒకటే బావి. తెల్లవారక ముందే గిలక కిర్రుమనేది. చాంతాడు ఎక్కడ తెగుతుందో మాకు చూడకుండానే తెలుసు: చేదకు ముడి వేసిన చోటికి జానెడు పైన, రోజూ నాని, ఎండి, మళ్ళీ నాని, పేటలు ఒక్కొక్కటిగా విడిపోయేవి. పెద్దలు ఆ ముక్క కోసేసి మళ్ళీ ముడి వేసేవారు. అలా కోసిన ప్రతిసారీ తాడు పొట్టిదవుతుంది కనుక, వేసవిలో నీళ్ళు అడుగంటే నాటికి చేద నీటిని అందుకునేది కాదు. ఎవరి చేతిలోనైనా తాడు తెగి చేద బావిలో పడితే పాతాళగరిగె తెచ్చి వెతికేవారు, అది పిల్లలమైన మాకు పెద్ద వినోదం. కానీ కొత్త తాడు కొనవలసి వచ్చినప్పుడు మాత్రం, ఎవరింటి నుంచి ఎంత ఇవ్వాలన్న తగువు ఏటా మొదలయ్యేది.

ఆ తగువు తీర్చడానికి వీధివాళ్ళు ఒక కట్టుబాటు చేసుకున్నారనుకుందాం. తోడుకున్న ప్రతి బిందెకూ ఒక పైసా పెట్టెలో వేయాలి, ఎవరు ఎన్ని బిందెలు తోడారో ఒక పెద్దాయన పుస్తకంలో రాయాలి. ఏడాది చివర లెక్క చూస్తే 1,000 రూపాయలు వచ్చాయి, తాడుకూ గిలకకూ పూడిక తీసినవాళ్ళ కూలికీ 900 పోయాయి, 100 మిగిలాయి. ఆ 100 ఎవరివి? పుస్తకం రాసిన పెద్దాయనవి కావు. పైసలు వేసినవాళ్ళవే, అదీ వేసిన లెక్కనే. వీధి మొత్తం తోడిన నీళ్ళలో పదో వంతు తోడిన ఇంటివారి పేరున 10 రూపాయలు రాస్తారు. అయితే చేతికి ఇవ్వరు. ఎందుకంటే వచ్చే ఏడు రెండో గిలక బిగించాలి, ఒర కూలిన వైపు కట్టించాలి, ఆ 100 అక్కడికి పోతుంది. ఇంకొన్నేళ్ళు గడుస్తాయి, వీధిలోకి కొత్త కాపురాలు వస్తాయి, వాళ్ళు వేసిన పైసల్లోనూ మిగులు పడుతుంది. బావికి కావలసిన ఖర్చు ఆ కొత్త మిగులుతో గడిచినప్పుడు, మొదటి ఏడాది నాటి 10 రూపాయలు ఆ ఇంటివారికి తిరిగి ఇచ్చేస్తారు. ఆ ఇంటివారు ఈలోగా వేరే ఊరు వెళ్ళిపోయినా పుస్తకంలో పేరు చెరగదు.

ఇప్పుడు చాంతాడు బదులు కరెంటు తీగ అనుకోండి, గిలక బదులు ట్రాన్స్‌ఫార్మర్ అనుకోండి, బిందెల బదులు మీటరు మీద యూనిట్లు అనుకోండి. మీ పిన్ని బిల్లు వెనక ఉన్న ఏర్పాటు అదే. సంఘం ఏడాది పొడవునా బిల్లులు వసూలు చేస్తుంది, కరెంటు కొన్న ఖర్చు, స్తంభాలు నిలబెట్టిన ఖర్చు, జీతాలు, అప్పుల మీద వడ్డీ తీసివేస్తుంది. మిగిలినదాన్ని వాళ్ళు లాభం అనరు, మార్జిన్ అంటారు. దాన్ని ఆ ఏడాది ఎవరు ఎంత కొన్నారో చూసి ఒక్కొక్కరి పేరున కేటాయిస్తారు. ఈ కేటాయింపునే క్యాపిటల్ క్రెడిట్స్ అంటారు. ఇది చేతిలో డబ్బు కాదు, దీన్ని చూపించి ఈ నెల బిల్లు కట్టలేరు. సంఘం ఆర్థికంగా బాగుందని సభ్యులు ఎన్నుకున్న బోర్డు నిర్ణయించిన ఏడాది, సాధారణంగా అన్నిటికంటే పాత సంవత్సరాల వాటాలు ముందు చెల్లిస్తారు. కొందరికి చెక్కు వస్తుంది, కొందరికి మీ పిన్నికి వచ్చినట్టు బిల్లులోనే తగ్గుతుంది. కేటాయింపుకూ చెల్లింపుకూ మధ్య ఇరవై ఏళ్ళు గడవడం అక్కడ వింత కాదు.

ఈ సంఘాలు ఎందుకు పుట్టాయో కూడా వినండి. 1930ల నడుమ అమెరికాలో నగరాల ఇళ్ళు చాలావరకు విద్యుద్దీపాలతో వెలుగుతుంటే, పొలాల మధ్య ఉన్న ఇళ్ళలో నూటికి సుమారు పదింటికే కరెంటు ఉండేది. మైలు దూరం తీగ లాగితే నాలుగైదు ఇళ్ళు కూడా తగలని చోటికి లాభం చూసుకునే కంపెనీలు వెళ్ళలేదు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో ఒక చిన్న ఇల్లు ఉండేది. అక్కడ తనకు వచ్చిన మొదటి బిల్లులో యూనిట్‌కు 18 సెంట్లు వేశారనీ, న్యూయార్క్ రాష్ట్రంలోని తన సొంత ఇంట్లో కట్టేదానికి అది సుమారు నాలుగు రెట్లనీ ఆయన 1938 ఆగస్టులో జార్జియాలోని బార్న్స్‌విల్‌లో సభాముఖంగా చెప్పారు. పల్లెలకు కరెంటు చేర్చాలన్న ఆలోచన ఆ బిల్లుతోనే మొదలైందని కూడా అన్నారు. అధ్యక్షుడయ్యాక 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పారు, మరుసటి ఏడు దానికి చట్టం వచ్చింది. ప్రభుత్వం అప్పు ఇచ్చింది, రైతులు తలా కొంత సభ్యత్వ రుసుము వేసుకుని సంఘాలు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ దేశంలో అటువంటివి దాదాపు 900 ఉన్నాయి, దేశ భూభాగంలో సగానికి పైగా వాటి తీగలే పరుచుకుని ఉన్నాయి.

షేర్లు అమ్మి డబ్బు తెచ్చుకునే కంపెనీలకు ఉన్న దారి వీళ్ళకు లేదు. అప్పు కాక సొంత పెట్టుబడి అంటూ ఉంటే అది సభ్యులు వదిలి ఉంచిన ఈ మిగులే. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను జార్జియాను చిత్తు చేసినప్పుడు ఎన్నో స్తంభాలు విరిగిపడ్డాయి. అటువంటి రాత్రి పెట్టెలో ఏమీ లేకపోతే, ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసి తెల్లవారాక స్తంభాలు కొనడం అయ్యే పనేనా? పైగా అప్పు ఇచ్చినవాళ్ళు కూడా సంఘానికి సొంత డబ్బు ఫలానా మేరకు ఉండాలని షరతు పెడతారు. ఇన్నేళ్ళు ఎందుకు ఉంచుకున్నారన్న రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

అయితే ఇందులో సభ్యులకు లోటు ఏమీ లేదని నేను అనను. ఆ డబ్బుకు వడ్డీ ఉండదు, ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే డాలరుకు ఇరవై ఏళ్ళ కిందటి విలువ ఉండదు. “మాది మాకు త్వరగా ఇవ్వండి” అని అడిగే సభ్యులను అత్యాశపరులని తీసిపారేయకూడదు. అడగడానికి వాళ్ళకు వార్షిక సభ ఉంది, బోర్డు ఎన్నిక ఉంది. ఇక్కడ నాకు నచ్చే సంగతి ఒకటుంది: మిగులు పంచేటప్పుడు ఎక్కువ కరెంటు వాడినవారికి ఎక్కువ వాటా వస్తుంది గాని, ఓటు మాత్రం పెద్ద ఇంటికీ ఒక్కటే, ఒకే దీపం ఉన్న గుడిసెకూ ఒక్కటే. ఆ ఒక్క ఓటునూ వేయడానికి సోమరిపోతులైతే, పుస్తకం రాసేవారు ఎంత మంచివారైనా లెక్క పాడవుతుంది. పిల్లలూ, మీ తరగతిలో చందా వేసుకున్నప్పుడు కూడా లెక్క అడగడానికి మొహమాటపడకండి.

పిన్నితో మాట్లాడినప్పుడు ఆ బిల్లు ఫోటో తీసి పంపమనండి. తగ్గించిన మొత్తం పక్కన ఏ సంవత్సరాలకు సంబంధించినదో చెప్పి ఉంటే చూడండి, అది ఆమె ఏ ఇంట్లో ఉన్నప్పటిదో అడగండి. ఆ సంఘం పరిధిలోనే ఇంతకు ముందు వేరే ఇంట్లో అద్దెకు ఉండి, కనెక్షన్ వాళ్ళ పేరునే ఉండి ఉంటే, ఆ వాటా కూడా వాళ్ళ పేరునే ఉంటుంది. ఇల్లు మారి చిరునామా ఇవ్వకుండా వెళ్ళిపోయిన పాత సభ్యుల పేర్లను చాలా సంఘాలు జాబితాగా ప్రకటిస్తాయి. ఎవరూ రాకపోతే ఆ డబ్బు ఏమవుతుందన్నది ఆయా రాష్ట్రాల చట్టాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఆ జాబితాలో తన పేరూ, బాబాయ్ పేరూ వెతకమని చెప్పండి. అక్కడి నుంచి వెళ్ళిపోయిన స్నేహితులెవరైనా ఉంటే వాళ్ళ పేర్లు కూడా చూసి, కనబడితే ఫోను చేసి చెప్పమనండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య