సిగ్నల్ లేకపోయినా పనిచేసే యాప్‌లు: అపోహలు - వాస్తవాలు

నేను ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా డేటా పంచుకునే యాప్‌లు రాస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన తర్వాత, విజయవాడలో వీటి గురించి అడిగేవాళ్లు పెరిగారు. ఆసక్తి మంచిదే, దాంతోపాటు కొన్ని అపోహలు కూడా వస్తున్నాయి.

అపోహ: ఆఫ్‌లైన్ యాప్ అంటే నెట్ లేనప్పుడు పాత డేటా చూపించేది.

అది కేవలం క్యాష్ (cache), అంటే తాత్కాలికంగా దాచిన నకలు. ఆఫ్‌లైన్-ఫస్ట్‌లో అసలు కాపీ మీ ఫోన్‌లోనే ఉంటుంది. రాయడం, దిద్దడం, వెతకడం అన్నీ అక్కడే జరుగుతాయి. దారి దొరికినప్పుడు మిగతా ఫోన్లతో సరిచూసుకుంటుంది. 2005 నుంచి ప్రోగ్రామర్లు కోడ్ మార్పులు దాచుకోవడానికి వాడుతున్న గిట్ కూడా ఇదే పద్ధతి.

అపోహ: ఇద్దరు విడివిడిగా రాస్తే లెక్క తప్పుతుంది.

అందరికీ ఉండే భయం ఇదే. గుంటూరులో ఒక డ్వాక్రా సంఘం ఉందనుకోండి. ఖాతాలో 12,000 ఉంది. మొదటి లీడరు ఒక వీధిలో 500 వసూలు చేసి తన ఫోన్‌లో మొత్తాన్ని 12,500గా మార్చింది. రెండో లీడరు ఇంకో వీధిలో 300 తీసుకుని 12,300 అని రాసింది. రెండు ఫోన్లూ కలిసినప్పుడు ఆఖరున రాసిందే నిలుస్తుందంటే ఒకరి డబ్బు గల్లంతే. పైగా ఏది ఆఖరో తేల్చడానికి ఫోన్ గడియారాన్ని నమ్మలేం. గడియారాల మీద ఆధారపడకుండా సంఘటనల వరస తేల్చే పద్ధతిని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించారు.

అందుకే మొత్తాన్ని దాచకూడదు, పద్దులు దాచాలి. ‘500 జమ’, ‘300 జమ’ అని రెండు పద్దులు, ఒక్కోదానికి సొంత గుర్తింపు సంఖ్య. ఏ ఫోన్‌లో కూడినా 12,800 వస్తుంది. అదే పద్దు రెండుసార్లు చేరినా ఒక్కసారే లెక్కకి వస్తుంది. ఇలా ఏ వరసలో కలిపినా ఒకే ఫలితమిచ్చే డేటా నిర్మాణాలకు 2011లో మార్క్ షాపిరో బృందం సీఆర్‌డీటీలని పేరు పెట్టింది.

అయితే సీఆర్‌డీటీ పెడితే అన్నీ తీరిపోతాయనుకోవడం ఇంకో అపోహ. సిగ్నల్ లేని సమయంలో ఇద్దరు లీడర్లూ చెరో 10,000 అప్పు ఇచ్చేశారనుకోండి. రెండు పద్దులూ చక్కగా కలుస్తాయి, ఖాతా మాత్రం మైనస్ 7,200 చూపిస్తుంది. పద్దులు కలపడం ఒక్కటే దీన్ని ఆపలేదు. జమలు ఎవరైనా ఎక్కడైనా రాయొచ్చు, అప్పు మాత్రం మీటింగ్‌లో తీర్మానమయ్యాక ఇద్దరి ఫోన్లూ పక్కపక్కన ఉంటేనే రాయాలి. ఈ నియమం సంఘమే పెట్టుకోవాలి. అందుకే కోడ్ మొదలుపెట్టే ముందు సంఘం తీర్మానాల పుస్తకం చూడమంటాను. ఎవరి సంతకం దేనికి కావాలో అందులో తెలుస్తుంది.

అపోహ: పీర్-టు-పీర్ (ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా) అంటే సర్వరే అక్కర్లేదు.

ఒకే వైఫైలో ఉన్నప్పుడు నిజమే. మొబైల్ డేటా మీద ఉన్న చాలా ఫోన్ల తలుపు బయటినుంచి నేరుగా తట్టలేం. ఒకరినొకరు కనుక్కోవడానికి ఒక చిన్న సర్వర్, దారి కుదరనప్పుడు మధ్యలో రిలే (డేటాను అందుకుని అవతలికి చేరవేసే సర్వర్) కావాలి. అది ఆగిపోయినా చేతిలో ఉన్న డేటా పోదు. తేడా అక్కడ ఉంది.

అపోహ: బ్లూటూత్ మెష్‌తో, అంటే ఒక ఫోన్ నుంచి పక్క ఫోన్‌కి సందేశం అందించుకుంటూ, ఊరంతా మాట్లాడుకోవచ్చు.

2014 హాంకాంగ్ నిరసనల్లో ఇలా పనిచేసే ఫైర్‌చాట్ యాప్ పేరు మోగిపోయింది, నిజమే. అయితే అక్కడ జనం ఒకేచోట కిక్కిరిసి ఉన్నారు. మన అపార్ట్‌మెంట్లలో రెండు స్లాబులు దాటేసరికి బ్లూటూత్ నీరసించిపోతుంది. వరదలో నాకు నమ్మకమున్న పద్ధతి వేరే: పడవలో తిరిగే వాలంటీర్ ఫోనే సందేశాలు మోసుకెళ్లడం. ఒక మెట్ల దగ్గర తీసుకుని ఇంకో మెట్ల దగ్గర దించుతుంది. ఆలస్యమవుతుంది, చేరుతుంది. మందులు కావాలన్న కబురు గంట ఆలస్యంగానైనా చేరడం ముఖ్యం.

అపోహ: సర్వర్ లేదు కాబట్టి ప్రైవసీకి ఢోకా లేదు.

డేటా ఇప్పుడు ఇరవై ఫోన్లలో ఉంది. ఒకటి పోతే? ఫోన్‌లో దాచిన ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే డిజిటల్ తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చడం, తప్పనిసరి. ‘డిలీట్’ నొక్కితే తొలగించమన్న కబురే వెళ్తుంది, ఆఫ్‌లైన్‌లో ఉన్న ఫోన్‌లో పాత కాపీ అలాగే ఉండిపోతుంది. ఆధార్ నంబర్లలాంటివి అసలు ఎక్కించకపోవడమే మేలు. తాళంచెవి పోగొట్టుకుంటే ఓటీపీ పంపి తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు, అందుకని దాన్ని ముక్కలుగా చేసి నమ్మకమైన సభ్యుల దగ్గర ఉంచే ఏర్పాటు మొదట్లోనే చేయాలి.

చివరగా, బ్యాక్‌గ్రౌండ్‌లో సింక్ (ఫోన్లు ఒకదానితో ఒకటి సరిచూసుకోవడం) దానంతటదే అయిపోతుందనుకోకండి. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ యాప్‌లను నిద్రపుచ్చుతుంది. తెర మీద పెద్ద అక్షరాలతో ‘చివరిసారి ఎవరి ఫోన్‌తో, ఎప్పుడు కలిసింది’ అని చూపించండి. అది చూసుకున్నాకే లీడరు డబ్బు లెక్కపెట్టడం మొదలుపెట్టాలి.