టైల్స్ వెనక నీళ్ల దారి

హైదరాబాద్ పాత ఇళ్లలో స్నానాల గదికి షాబాద్ బండలు పరిచేవారు. బండల సందుల్లోంచి నీళ్లు ఇంకితే ఇంకేవి. కింద ఉన్నది నేలే కాబట్టి ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు కూకట్‌పల్లిలోనో మణికొండలోనో ఐదో అంతస్తు బాత్రూం కింద నాలుగో అంతస్తువాళ్ల బాత్రూం ఉంటుంది. సీలింగ్ మీద మచ్చ కనబడగానే వాళ్లు పైకొచ్చి, "మీ నీళ్లు మా ఇంట్లోకి దిగుతున్నాయండీ" అంటారు. వెంటనే టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పెట్టిస్తాం. కొన్నాళ్లకు మచ్చ మళ్లీ వస్తుంది.

టైల్ నీటిని ఆపుతుంది గానీ, టైల్స్ పరిచిన నేల ఆపలేదు. విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చదు. కానీ రెండు టైల్స్ మధ్య మామూలుగా నింపే గ్రౌట్ సిమెంటే కదా! సిమెంటు గట్టిపడటానికి దాని బరువులో సుమారు నాలుగో వంతు నీరు రసాయనికంగా కలిస్తే చాలు. అంతే పోస్తే మాలు చేతికి సాగదు కాబట్టి మేస్త్రి ఇంకా పోస్తాడు. ఆ మిగులు నీరు ఆరిపోయాక అది ఉన్నచోట కంటికి ఆనని సన్నని దారులు మిగిలిపోతాయి.

అంత ఇరుకు దారుల్లో నీరు పల్లానికే పోవాలని లేదు. బడిలో కేశనాళికీయత అని చదివిందే ఇది: గొట్టం ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తుకు ఎగబాకుతుంది. అర మిల్లీమీటరు వ్యాసార్ధమున్న గాజు గొట్టంలో 3 సెంటీమీటర్ల దాకా ఎక్కుతుంది. వ్యాసార్ధం ఒక్క మైక్రానే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతే అయితే లెక్క ప్రకారం 15 మీటర్లకు దగ్గర. నిజం గోడలో దారులు వంకరటింకరగా ఉంటాయి, మధ్యలో ఆవిరీ అవుతుంది కాబట్టి అంత దూరం రాదు. అడుగో రెండడుగులో మాత్రం తేలిగ్గా ఎక్కేస్తుంది. బాత్రూంని ఆనుకున్న పడగ్గది గోడకు కింది భాగంలోనే పెయింటు పొట్టు లేవడం అందుకే.

ఇక కిందికి దిగే నీళ్ల సంగతి. పైపులు పట్టడానికి అపార్ట్‌మెంట్లలో బాత్రూం స్లాబును అడుగు లోతున దించి పోస్తారు. మేస్త్రుల మాటల్లో అది 'సంకెన్'. ఆ గుంతలో ఇటుక ముక్కలు నింపి, పైన కాంక్రీటు వేసి, టైల్స్ పరుస్తారు. చాలాచోట్ల గుంత అడుగునే వాటర్‌ప్రూఫింగ్ చేసి పైన వదిలేస్తున్నారు. నన్నడిగితే అది ఇంటి మధ్యలో మూతపెట్టిన నీళ్ల తొట్టి కట్టుకోవడమే. దిగిన నీళ్లు బయటికి పోలేక ఇటుక ముక్కల్లో నానుతూ, అడుగు పొరలో చిన్న లోపం దొరికేదాకా కాచుకుని ఉంటాయి. అడుగున ఒక పొర, టైల్స్‌కి సరిగ్గా కింద మరో పొర ఉండాలి. పై పొర వేయకముందే నేలకు మీటరుకు సెంటీమీటరు చొప్పున వాటం ఇవ్వాలి. టైల్స్ వాటం సరిగ్గా ఉందో లేదో మగ్గు నీళ్లు పోసి అందరూ చూస్తారు. టైల్స్ కింద దాగిన ఆ పై పొర వాటం ఎవరూ చూడరు. అది చదునుగా ఉంటే గ్రౌట్ దాటిన నీళ్లు అక్కడే నిలిచి కంపు కొడతాయి.

నేల మధ్యలో కంటే పైపు చుట్టూ, మూలల్లోనే ఎక్కువగా కారుతుంది. పీవీసీ పైపు నున్నగా ఉంటుంది, సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోదు. పైగా వేడికి పీవీసీ కాంక్రీటు కంటే ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. 30 డిగ్రీల వేడి పెరిగితే మీటరు పైపు సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాంక్రీటు పెరిగేది దాదాపు 0.3 మిల్లీమీటర్లే. రోజూ గీజర్ నీళ్లు పడుతుంటే ఆ రెండింటి మధ్య సందు తెరుచుకోక ఏమవుతుంది?

దిగిన నీళ్లు ఊరికే పోవు. కాంక్రీటులోని కాల్షియం హైడ్రాక్సైడ్‌ను కరిగించుకుని కిందికి తెస్తాయి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బనేట్ అవుతుంది. కింది సీలింగ్ మీద కనిపించే తెల్లటి చారలు అవే. చెమ్మ లోపలి ఇనుముదాకా చేరితే గొడవ ముదురుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది.

మొహెంజొదారో మహాస్నానవాటిక కట్టినవాళ్లకు ఇదంతా అనుభవంలో ఉన్నట్టుంది. 4,000 ఏళ్లకు పైబడిన ఆ కట్టడంలో ఇటుకల్ని జిప్సం మాలుతో దగ్గరగా పేర్చి, వాటి వెనక తారు పొర వేశారు. కనబడే ఇటుకను ఒక్కదాన్నే నమ్ముకోలేదు.

వాటర్‌ప్రూఫింగ్ పొరకు ఇప్పుడు ఎక్కువగా వాడేది సిమెంటు పొడిలో యాక్రిలిక్ పాలిమర్ ద్రవం కలిపిన పూత. ఆరేకొద్దీ పాలిమర్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని సిమెంటు రంధ్రాల మీద సాగే పొరగా మారతాయి. మొదటి కోటు అడ్డంగా, రెండోది నిలువుగా వేస్తే ఒకదానిలో మిగిలిన సూదిబెజ్జం రెండోదాని కింద పడిపోతుంది. గోడా నేలా వేరువేరుగా కదులుతాయి కాబట్టి మూలల్లో ఫైబర్ జాలీ పెట్టాలి. షవర్ ఉన్న గోడకు అడుగు ఎత్తు చాలదు, తల దాటేదాకా పూయాలి. మన మే నెల ఎండల్లో పొడి గోడ పూతలోని నీటిని గబుక్కున లాగేసుకుంటుంది, పొర పగులుతుంది. ముందు గోడ తడిపి, నీళ్లు కారడం ఆగాక పూయాలి.

పూత పూర్తిగా ఆరాక నీళ్లు బయటికి పోయే ట్రాప్‌కి మూత బిగించి, రెండంగుళాల నీళ్లు కనీసం 24 గంటలు నిలబెట్టాలి. 48 అయితే మరీ మంచిది. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీయాలి. ఎండాకాలంలో ఎలాగూ కొంత ఆవిరవుతుంది కాబట్టి పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పోసి దానిమీదా గీత పెట్టాలి. రెండూ ఇంచుమించు ఒకేలా తగ్గితే అది ఆవిరి లెక్క. నేల మీది నీళ్లే ఎక్కువ తగ్గితే ట్రాప్ మూత కారుతోందేమో మొదట చూసి, తర్వాత పైపు చుట్టూ వెతకాలి. కింది ఫ్లాట్‌కి వెళ్లి వాళ్ల సీలింగ్ చూసొచ్చాకే టైల్స్ మేస్త్రికి ఫోన్ చేయాలి.