కాడ్మన్ టెహ్రాన్‌లో దిగిన ఏప్రిల్

ఇరాన్ చమురు మాట వార్తల్లోకి వచ్చిందంటే చాలు, చర్చ నేరుగా 1953 ఆగస్టుకు వెళ్తుంది: ఇరాన్ ప్రధాని మొసాద్దెగ్ పతనం, బ్రిటన్, అమెరికా గూఢచారుల పాత్ర. అదంతా అందరూ విన్నదే. అసలు ముడి పడింది అంతకు ఇరవై ఏళ్ల ముందు, ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీ చైర్మన్ సర్ జాన్ కాడ్మన్ టెహ్రాన్‌లో దిగిన ఏప్రిల్‌లో.

గొడవ లెక్కల దగ్గర మొదలైంది. చమురు తవ్వకాలకు కుదిరిన 1901 ఒప్పందం ప్రకారం ఇరాన్‌కు దక్కాల్సింది నికర లాభంలో 16 శాతం. ఏది లాభమో తేల్చేది మాత్రం లండన్‌లోని కంపెనీ. అందులో మెజారిటీ వాటా బ్రిటిష్ ప్రభుత్వానిదే. 1930లో దాదాపు 13 లక్షల పౌండ్లు వస్తే, 1931లో వచ్చింది 3 లక్షల పైచిలుకు. మాంద్యం వల్లేనంది కంపెనీ. అందులో నిజం లేకపోలేదు. కానీ ఖాతా పుస్తకాలు ఎదుటివాడి దగ్గరే ఉన్నప్పుడు ఆ మాట ఎవరు నమ్ముతారు? 1932 నవంబరులో మంత్రివర్గ సమావేశంలోనే ఇరాన్ రాజు రెజా షా చమురు దస్త్రాన్ని మంటల్లో పడేశాడు. ఒప్పందం రద్దయింది. బ్రిటన్ నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) గడప తొక్కింది.

కాడ్మన్ వచ్చేసరికి, ఏళ్ల తరబడి కంపెనీతో బేరమాడి లోతుపాతులు తెలుసుకున్న మంత్రి తైమూర్‌తాష్ జైల్లో ఉన్నాడు. పెట్టించింది షాయే. చర్చలు మొండికేయగానే కాడ్మన్ తన విమానాన్ని ప్రయాణానికి సిద్ధం చేయమన్నాడు. షా మెత్తబడ్డాడు. ఏప్రిల్ 29న సంతకాలయ్యాయి: ఇరాన్‌కు టన్నుకు 4 షిల్లింగులు, ఏటా కనీసం 7.5 లక్షల పౌండ్లు, కంపెనీకి మిగిలే ప్రాంతం లక్ష చదరపు మైళ్లు. తన ఈకలు బాగానే పీకారని కాడ్మన్ వాపోయాడు. అయితే 1961లో తీరాల్సిన ఒప్పందం గడువు 1993కు జరిగింది. ఈకలు పోయిన కోడికి 32 ఏళ్ల గింజలు!

సంతకం చేసిన ఆర్థిక మంత్రి తఖీజాదే 1949లో పార్లమెంటులో నోరు విప్పాడు. తాను ఒక పనిముట్టును మాత్రమేనన్నాడు. 1951లో ఇరాన్ చమురు జాతీయీకరణ జరిగాక, ఆ 1933 పత్రం రెండు ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కూడానని బ్రిటన్ అంతర్జాతీయ న్యాయస్థానంలో వాదించింది. కాదు, ఒక ప్రభుత్వానికీ ఒక కంపెనీకీ మధ్య కాంట్రాక్టేనని, ఈ కేసు తమ పరిధిలోకి రాదని 1952 జూలై 22న 9-5తో తీర్పు వచ్చింది. పరిధి లేదన్న ఆ తొమ్మిది మందిలో బ్రిటిష్ న్యాయమూర్తి మెక్‌నెయిర్ ఒకరు.