సోల్జర్ బీటిల్స్: రంగు నమ్మితే పేరు తప్పుతుంది

యూరప్ సోల్జర్ బీటిల్స్ (కాంథారిడే కుటుంబం) పెంకు పురుగులే గానీ, వాటి పై రెక్కలు మెత్తగా వంగుతాయి. మిణుగురులకు దగ్గరి చుట్టాలు.

అపోహ: పేరులోనే కాంథారిస్ ఉంది కాబట్టి ఒంటిమీద పాకితే బొబ్బలెక్కుతాయి.

వాస్తవం: బొబ్బలెక్కించే కాంథారిడిన్ అనే రసాయనం ఉండేది మెలోయిడే కుటుంబంలో. 'స్పానిష్ ఫ్లై' అనే మెరిసే ఆకుపచ్చ పురుగు, లిట్టా వెసికటోరియా, ఆ కుటుంబానిదే. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1758లో కాంథారిస్ పేరును సోల్జర్ బీటిల్స్‌కు పెట్టాడు. మందుల వాళ్లు మాత్రం బొబ్బల పురుగు అనే పాత అర్థాన్ని వదల్లేదు. మన హోమియో షాపుల్లో దొరికే కాంథారిస్ కూడా లిట్టాదే. అనుమానమొస్తే వెనక కాళ్ల పాదాల్లో కణుపులు లెక్కపెట్టండి: మెలోయిడేకి నాలుగు, సోల్జర్ బీటిల్‌కి అయిదు. మన కంది, బెండ పూలు తినే మైలాబ్రిస్‌కీ నాలుగే.

అపోహ: ఎర్ర మెడ, నల్ల రెక్కలు కనిపిస్తే అది కాంథారిస్ ఫస్కా.

వాస్తవం: కాంథారిస్ రస్టికా కూడా అచ్చం అలాగే ఉంటుంది. తల వెనకున్న ఎర్ర పలక మీది నల్లమచ్చ చూడండి. ఫస్కాలో అది ముందు అంచును తాకుతుంది, రస్టికాలో పలక నడుమ ఉంటుంది. ఫస్కా తొడలు పూర్తిగా నలుపు, రస్టికా తొడల మొదలు ఎరుపు. మధ్య యూరప్‌లో రెండూ మామూలే, బ్రిటన్‌లో మాత్రం ఫస్కా అరుదు. అందుకే బ్రిటన్ ఫొటో కింద ఫస్కా అని రాసి ఉంటే ముందు మచ్చ ఎక్కడుందో చూడాలి.

అపోహ: లేత నారింజ రంగువన్నీ రాగోనికా ఫుల్వా.

వాస్తవం: ఫుల్వాకి రెక్కల చివర నల్లగా ఉంటుంది, పొడవు 8–10 మి.మీ. జులైలో హాగ్‌వీడ్ లాంటి, మన కొత్తిమీర కుటుంబపు గొడుగు పూల మీద జంటలు జంటలుగా కనిపిస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకూ చేరింది. ప్రజాతి (జీనస్) తేల్చాలంటే రంగు వదిలి గోళ్లు చూడాలి: రాగోనికాలో ప్రతి గోరూ కొనలో రెండుగా చీలి ఉంటుంది.

అపోహ: పొడాబ్రస్ ఆల్పైనస్ అనే సోల్జర్ బీటిల్ ఆల్ప్స్‌కే పరిమితం.

వాస్తవం: 1798లో దానికి పేరు పెట్టిన పైకుల్ స్వీడన్ వాడు. స్కాండినేవియా అడవుల్లోనూ, బ్రిటన్‌లోనూ ఉంది. నిజంగా చోటు పట్టింపు ఉన్నది సిలిస్ రూఫికోలిస్ అనే మరో సోల్జర్ బీటిల్‌కి. రెల్లు పెరిగే చిత్తడి దాటి దాన్ని వెతకడం దండగ.

అపోహ: పూల మీద ఉన్నాయి కాబట్టి పంటకు చేటు.

వాస్తవం: ఎదిగిన పురుగులు పేనుబంకనీ పుప్పొడినీ తింటాయి. మఖమల్ లాంటి నూగుతో ఉండే లార్వాలు నేల మీద మెత్తటి పురుగుల్ని వేటాడతాయి.

అపోహ: మంచి ఫొటో ఉంటే మాల్థోడెస్ అనే సోల్జర్ బీటిల్ ప్రజాతిలో అది ఏ జాతో చెప్పేయొచ్చు.

వాస్తవం: ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. ఇవి చాలా చిన్న పురుగులు. జాతి తేలేది మగదాని పొట్ట చివరి పలకల్లో, వాటి కొక్కేల్లో, చీలికల్లో. ఆడది ఒక్కటే దొరికితే చాలాసార్లు 'మాల్థోడెస్, జాతి తేలలేదు' అని రాసి వదిలేయడమే నిజాయితీ. మగదాన్ని సేకరణ కోసం కార్డుకు అతికించేటప్పుడు తోక, అంటే పొట్ట చివర, కార్డు అంచు దాటి బయటికి ఉండాలి. జిగురు అంటిందా, ఇక చూడ్డానికేమీ ఉండదు. మెత్తటి ఒళ్లు ఎండితే ముడుచుకుపోతుంది గనుక కొన్నింటిని 70 శాతం ఆల్కహాల్‌లోనే ఉంచండి. ఎండినదైతే గోరువెచ్చని నీళ్లలో మెత్తబడ్డాకే తోకను పక్క నుంచీ కింద నుంచీ చూడండి. లేబుల్ మీద ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీతో పాటు ఏ చెట్టు కొమ్మ దులిపితే రాలిందో కూడా రాయండి.